నిశ్శబ్దం, చప్పట్లు, లేచి నిలబడటం: నల్లజాతి క్రిస్మస్ కచేరీలో అసలు ఏం జరుగుతుంది?

డిసెంబరు వచ్చిందంటే అట్లాంటా చుట్టుపక్కల తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో ఈ ప్రశ్న కనిపిస్తుంది. ఆఫీసులో ఎవరో పిలుస్తారు, లేదా పిల్లల స్కూలు నుంచి ఒక కాగితం వస్తుంది. నల్లజాతి సంగీత సంప్రదాయాలతో క్రిస్మస్ క్వయర్ (గాయక బృందం) కచేరీ అని, స్పిరిచ్యువల్స్, గాస్పెల్, ఆఫ్రికన్ క్యారల్స్ ఉంటాయని అందులో రాసి ఉంటుంది. ఇది చర్చి ఆరాధనా, కచేరీనా? ఈ మూడు పేర్లూ ఒకటేనా? మనం వెళ్ళొచ్చా? వెళ్తే చప్పట్లు ఎప్పుడు కొట్టాలి?

నిరుడు నేను అలాంటి ఒక కచేరీకి వెళ్ళాను. మొదటి పాట అయిపోయింది, ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టకపోవడమే మర్యాద అన్నట్టు హాలంతా ఊపిరి బిగబట్టి కూర్చుంది. గంట గడిచాక అదే హాలు, అదే జనం, అదే గాయకులు. కానీ ఒక్కరు కూడా సీట్లో లేరు. చేతులు, భుజాలు, కాళ్ళు అన్నీ పాటలోనే ఉన్నాయి. చివరి పాటకి మళ్ళీ అందరూ లేచారు గానీ ఈసారి ఎవరూ ఊగలేదు, చేతులు కిందికి వేలాడేసి నిటారుగా నిలబడ్డారు. నా పక్క సీటులోని పెద్దావిడ ఈ మూడు మార్పుల్లో ఒక్కసారి కూడా తడబడలేదు. ఏ పాటకి ఎలా ఉండాలో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ ఒక్క సాయంత్రంలో ఇమిడి ఉన్న నూట యాభై ఏళ్ళ చరిత్ర ఆమెకి తెలుసు. ఆ మూడు మార్పుల వెనక ఏముందో విడదీసి చూద్దాం.

మూడు పేర్లు, మూడు వేర్వేరు పుట్టుకలు

స్పిరిచ్యువల్ అంటే అమెరికాలో బానిసలుగా ఉన్న ఆఫ్రికా సంతతి వాళ్ళు కట్టుకున్న భక్తి పాట. రాసినవాళ్ళెవరో తెలియదు. ఒక నోటి నుంచి ఇంకో నోటికి వచ్చింది, చోటుని బట్టి మాట మారింది, వరస మారింది. వీటిని తొలిసారి పుస్తకంగా అచ్చు వేసింది 1867లో, అంటే అంతర్యుద్ధం ముగిసిన రెండేళ్ళకి. అందులో 136 పాటలున్నాయి. సేకరించిన ముగ్గురూ తెల్లవాళ్ళే. ఆ గొంతుల్లోని జారుళ్ళనీ, ఒకరి మీద ఒకరు పడి పాడే తీరునీ తమ స్వరలిపిలో పట్టుకోవడం కష్టమని వాళ్ళే ముందుమాటలో ఒప్పుకున్నారు.

గాస్పెల్ అలా కాదు. దానికి కర్త ఉంటాడు, తేదీ ఉంటుంది, అమ్మకానికి అచ్చయిన కాగితం ఉంటుంది. 20వ శతాబ్దంలో, దక్షిణాది పల్లెలు వదిలి షికాగో లాంటి నగరాలకి వలసపోయిన నల్లజాతి జనంలో పుట్టింది. పియానో, ఆర్గన్, డ్రమ్స్ దాని ఒంట్లోనే ఉన్నాయి. స్పిరిచ్యువల్‌కి గొంతు చాలు.

ఈ రెండింటికీ మధ్య ఇంకొకటి ఉంది, గందరగోళం ఎక్కువగా దానివల్లే. బానిసల నోటి పాటని తీసుకుని, చదువుకున్న సంగీతకర్త దాన్ని నాలుగు గొంతుల క్వయర్‌కి కట్టి రాస్తే అది కచేరీ స్పిరిచ్యువల్. వేదిక మీద మనం వినేది చాలావరకు ఇదే. పొలంలో పాడిన నాట్ల పాటకీ, అదే పాటని సంగీత దర్శకుడు తీర్చి రికార్డు చేస్తే వచ్చేదానికీ ఎంత తేడా ఉంటుందో ఇక్కడా అంతే ఉంది. గాస్పెల్‌కి మన దగ్గర పోలిక వెతికితే, పైన రాగం, తాళం, కవి పేరు వేసి అచ్చయిన ఆంధ్ర క్రైస్తవ కీర్తన కొంత దగ్గరగా వస్తుంది. రెండూ కర్త ఉన్న పాటలే, రెండూ చర్చి కోసం రాసినవే. పోలిక అక్కడితో సరి. మూడో పేరు ఆఫ్రికన్ క్యారల్, దాని కథ తర్వాత వస్తుంది.

వంత పాట అంటే ఇక్కడ ఏమిటి

ఈ సంగీతానికి వెన్నెముక వంత. ఒకరు ఒక ముక్క పాడతారు, మిగతావాళ్ళు బదులిస్తారు. భజనలో కూడా ఇంతే కదా అనిపించొచ్చు. కానీ భజనలో మనం సాధారణంగా ముందు పాడినవాళ్ళ మాటనే తిరిగి అంటాం. స్పిరిచ్యువల్‌లో వంత వేరే మాట, అది మారదు. మనవాటిలో దానికి నిజంగా దగ్గరది బతుకమ్మ పాట. కథ చెప్పే పంక్తి మారుతూ పోతుంది, ప్రతి పంక్తి చివరా ఉయ్యాలో అనో చందమామ అనో అదే మాట వచ్చి పడుతుంది. పాట తెలియని పిల్ల కూడా ఆ ఒక్క మాట పట్టుకుని వలయంలో కలిసిపోతుంది.

సౌత్ కరొలైనా తీరంలోని సెయింట్ హెలెనా దీవి నుంచి వచ్చిన ఒక క్రిస్మస్ స్పిరిచ్యువల్ తీసుకుందాం. దాని కట్టడం తెలుగులో చెప్తే ఇలా ఉంటుంది. మరియ బిడ్డని కన్నది, అంటారు ఒకరు. అవును ప్రభూ, అంటుంది వంత. బిడ్డకేం పేరు పెట్టింది? అవును ప్రభూ. రాజు యేసని పెట్టింది. అవును ప్రభూ. ఎక్కడ పుట్టాడు? పశువుల పాకలో. ప్రశ్నకి వంత బదులు చెప్పదు, తలూపుతుంది అంతే. బదులు తర్వాతి చరణంలో వస్తుంది. ప్రతి చరణం చివరా మాత్రం కథతో ఏ సంబంధమూ లేనట్టున్న ఒక పంక్తి పడుతుంది: జనం వస్తూనే ఉన్నారు, రైలు వెళ్ళిపోయింది. బేత్లెహేములో రైలేమిటి? ఎవరి రైలు తప్పిపోయింది? పాట చెప్పదు. నాకు ఈ పాటలో అన్నిటికంటే నచ్చేది ఆ పంక్తే. జోలపాట నడుస్తుండగా కిటికీ అవతల ఏదో దూరమైపోతున్న చప్పుడు.

బతుకమ్మతో ఇంకొక దగ్గరతనం వలయం. తీర ప్రాంతాల్లో బానిసలు ప్రార్థన అయ్యాక గుండ్రంగా, గడియారం ముల్లుకి ఎదురు దిశలో, పాదాలు నేలకి రాస్తూ తిరుగుతూ పాడేవాళ్ళు. దాన్ని రింగ్ షౌట్ అంటారు. కాలు మీద కాలు దాటకూడదు, దాటితే అది నాట్యం అయిపోతుంది, చర్చి ఒప్పుకోదు. డప్పులు లేవు, ఎందుకంటే 1739లో స్టోనో నది దగ్గర బానిసలు తిరగబడ్డాక, మరుసటి ఏడే సౌత్ కరొలైనా చట్టం వాళ్ళకి డప్పులు నిషేధించింది. డప్పు చేసే పనిని అరచేతులూ మడమలూ నేలకి కొట్టే కర్రా తీసుకున్నాయి. కచేరీలో క్వయర్ ఒక్కసారిగా కాళ్ళతో తాళం వేస్తే అది వట్టి అలంకారం కాదు.

మొదటి నిశ్శబ్దం: 1871లో ఏం జరిగింది

అంత కదలిక ఉన్న పాటని మరి కదలకుండా, చేతులు కట్టుకుని ఎందుకు పాడుతున్నారు? దీనికి జవాబు టెనెసీ రాష్ట్రం నాష్‌విల్‌లో ఉంది.

బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళ చదువు కోసం 1866లో అక్కడ ఫిస్క్ కళాశాల మొదలైంది. అయిదేళ్ళకే అప్పుల్లో పడింది. కోశాధికారిగా ఉంటూ పాటలు కూడా నేర్పిన జార్జ్ వైట్, 1871 అక్టోబరు 6న తొమ్మిది మంది విద్యార్థుల్ని వెంటబెట్టుకుని విరాళాల కోసం ఊళ్ళ మీద బయల్దేరాడు. వాళ్ళలో ఎక్కువమంది బానిసలుగా పుట్టినవాళ్ళే. వేదిక మీద మొదట ఎక్కువగా పాడింది అప్పటి తెల్లజాతి శ్రోతలకి అలవాటైన పాటలు. స్పిరిచ్యువల్స్ బయట పాడటానికి వాళ్ళకి మనసొప్పలేదు. పియానో వాయించిన ఎల్లా షెపర్డ్ తర్వాత దీని గురించి రాసింది. ఆ పాటలు బానిసత్వానికీ చీకటి గతానికీ చెందినవి, మరిచిపోవాల్సినవి అనుకున్నామని, పైగా అవి మా తల్లిదండ్రులు ఆరాధనలో పాడుకున్న పవిత్రమైన పాటలని ఆమె మాటల సారం.

ఇంకో భయం కూడా ఉంది. ఆ రోజుల్లో అమెరికాలో బాగా నడిచే వినోదం మిన్‌స్ట్రెల్ ప్రదర్శన. తెల్ల నటులు మొహానికి మసి పూసుకుని, నల్లవాళ్ళని వెకిలిగా అనుకరిస్తూ ఆడి పాడేవాళ్ళు. నల్లవాళ్ళు వేదిక ఎక్కారంటే జనం అదే ఆశించేవాళ్ళు. ఫిస్క్ విద్యార్థులు దానికి పూర్తిగా ఎదురు వెళ్ళారు. చక్కటి దుస్తులు, నిటారైన నిలబాటు, నాలుగు గొంతుల మేళవింపు, వినపడీ వినపడనంత సన్నటి ఎత్తుగడ. నవ్వడానికి వచ్చినవాళ్ళు నిశ్శబ్దమైపోయారు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ పాటించిన నిశ్శబ్దానికి మూలం అక్కడుంది.

వాళ్ళు తమ బృందానికి పెట్టుకున్న పేరు జూబిలీ సింగర్స్. లేవీయకాండము 25వ అధ్యాయంలో యాభయ్యో ఏట బానిసలకి విడుదల ప్రకటించమని ఉంటుంది. మన తెలుగు బైబిలు ఆ జూబిలీకి వాడిన మాట సునాద సంవత్సరం. పాట పాడి విడుదల చాటినవాళ్ళకి అంతకంటే తగిన పేరు ఏ భాషలోనూ దొరకదేమో. 1873లో వాళ్ళు ఇంగ్లండులో విక్టోరియా రాణి ముందు పాడారు. ఆ పాటల డబ్బుతో కట్టిన జూబిలీ హాలు ఫిస్క్‌లో ఇప్పటికీ నిలబడి ఉంది. తర్వాత ఫ్రెడరిక్ లౌడిన్ నడిపిన బృందం 1884 నుంచి ఆరేళ్ళ పాటు ప్రపంచం చుట్టి, మన దేశానికీ వచ్చింది.

ఈ దారిలోనే 1890ల్లో హ్యారీ బర్లీ వచ్చాడు. న్యూయార్క్ నేషనల్ కన్జర్వేటరీలో చదువుకుంటూ, అక్కడ డైరెక్టరుగా ఉన్న చెక్ సంగీతకర్త ద్వోర్జాక్‌కి తన తాత దగ్గర విన్న స్పిరిచ్యువల్స్ పాడి వినిపించాడు. తర్వాతి దశాబ్దాల్లో వాటిని ఒంటి గొంతుకీ పియానోకీ తగినట్టు రాసి కచేరీ పాటలుగా నిలబెట్టాడు. టస్కీగీ కళాశాల క్వయర్‌ని నడిపిన విలియం డాసన్ వాటిని క్వయర్ కోసం కట్టాడు. పైన చెప్పిన మరియ పాటని కూడా నేటి క్వయర్లు తరచుగా ఆయన కట్టిన రూపంలోనే పాడతాయి.

అసలు పాట ఏది: ఒక పాత తగువు

ఈ మెరుగు అందరికీ నచ్చలేదు. రచయిత్రి, జానపద పరిశోధకురాలు జోరా నీల్ హర్‌స్టన్ 1934లో గట్టిగానే చెప్పింది. కచేరీ హాళ్ళలో పాడుతున్నవి స్పిరిచ్యువల్స్ కావు, స్పిరిచ్యువల్స్ ఆధారంగా సంగీతకర్తలు చేసిన కొత్త పాటలు అని. ఆమె లెక్కలో అసలు పాట రెండుసార్లు ఒకేలా ఉండదు. అందులో గొంతులు ఒద్దికగా కలవవు, ఒకదాన్నొకటి గీరుకుంటాయి. పాడేవాళ్ళు రిహార్సల్ చేసి రారు, ఆ క్షణానికి ఏది వస్తే అది.

అవతలి వైపు నల్లజాతి పండితుడు డబ్ల్యూ. ఇ. బి. డుబోయిస్. ఆయన ఫిస్క్‌లో చదివాడు, 1897 నుంచి అట్లాంటాలో పాఠాలు చెప్పాడు. 1903లో వచ్చిన తన పుస్తకంలో ప్రతి అధ్యాయం మొదట్లో కొన్ని స్వరాలు అచ్చు వేయించాడు, చివరి అధ్యాయం మొత్తం ఈ శోకగీతాలకే ఇచ్చాడు. కుర్రవాడిగా నాష్‌విల్ వెళ్ళినప్పుడు జూబిలీ హాలు పాటలతోనే కట్టినట్టు తోచిందని, ఆ ఇటుకలకి రక్తమూ కష్టమూ అంటుకుని ఉన్నాయని రాశాడు. ఆయన దృష్టిలో నల్లజాతి ప్రజలు ఇచ్చిన అతి గొప్ప కానుక ఆ సంగీతమే. కచేరీ వేదిక లేకపోతే అది దక్షిణాది దాటి వచ్చేదా అన్నది ఈ పక్షం ప్రశ్న.

ఇద్దరూ తమకి తెలిసిన చోటు నుంచే మాట్లాడారు. హర్‌స్టన్ ఫ్లోరిడా చర్చి బల్లల మీద కూర్చుని విన్నది, డుబోయిస్ ఆ పాట కట్టిన హాల్లో చదువుకున్నాడు. కచేరీ రూపాన్ని ప్రేమిస్తూనే హర్‌స్టన్ మాట గుర్తుంచుకోవచ్చని నాకనిపిస్తుంది. వేదిక మీద వినేది ఇంటి పాట కాదు, ఇంటి పాటకి వేసిన పెళ్ళి బట్టలు.

క్రిస్మస్ పాటలు ఎందుకంత తక్కువ

స్పిరిచ్యువల్స్‌లో మోషే, దానియేలు, యొర్దాను, సిలువ పదే పదే వస్తాయి. యేసు పుట్టుక మీద ఉన్నవి వాటితో పోలిస్తే కొద్ది. క్రిస్మస్ కచేరీల్లో అవే నాలుగైదు స్పిరిచ్యువల్స్ తిరిగి తిరిగి వినిపించడానికి ఇదొక కారణం.

బానిసకి క్రిస్మస్ ఎలా ఉండేదో, బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో రాసిన ఆత్మకథలో ఉంది. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా సెలవు. ఆ రోజుల్లో తాగమని యజమానులే ప్రోత్సహించేవాళ్ళు. అది దయ కాదు, తిరుగుబాటు ఆవిరి కాస్త బయటికి పోవడానికి పెట్టిన రంధ్రం అంటాడాయన. సెలవు చివర జనవరి 1. చాలా చోట్ల ఆ ఏడాదికి బానిసల్ని కౌలుకిచ్చే రోజు, అప్పులు తీర్చడానికి అమ్మేసే రోజు అదే. భర్త ఒక చోటికి, పిల్లలు ఇంకో చోటికి. గుండెలు పగిలే రోజు అని దానికి పేరు. అలాంటి వారంలో శాంతి, సంతోషం మీద పాట ఎంత పుడుతుంది?

తర్వాత అదే తేదీ తిరగబడింది. 1862 డిసెంబరు 31 రాత్రి నల్లజాతి జనం చర్చిల్లో పోగై తెల్లవారుజాము కోసం కాచుకున్నారు. 1863 జనవరి 1న లింకన్ విమోచన ప్రకటన అమల్లోకి వచ్చింది. డిసెంబరు 31 రాత్రి జాగరణ ఆరాధన అంతకు ముందు కూడా ఉన్నదే. నల్లజాతి చర్చిల్లో మాత్రం ఆ రాత్రికి ఇంకో అర్థం చేరింది.

క్రిస్మస్ పాటల్లో ఇంకొకటి గొర్రెల కాపరికి చెప్పేది: లే, నక్షత్రం వెంట నడు, నీ గొర్రెల్ని వదిలెయ్, నీ పొట్టేళ్ళని వదిలెయ్. ఇక్కడే ఎక్కువగా వినపడే వాదన ఒకటి వస్తుంది. ఇది పారిపొమ్మని చెప్పే రహస్య సంకేతం, గొర్రెలు యజమాని సొత్తు, నక్షత్రం ఉత్తర దిక్కు అని.

ఇందులో నిజం ఎంత? స్పిరిచ్యువల్స్‌కి రెండో అర్థం ఉండేదనడానికి గట్టి సాక్ష్యమే ఉంది. డగ్లస్ 1855లో తన రెండో ఆత్మకథలో, మేం కనాను (బైబిలులో దేవుడు వాగ్దానం చేసిన దేశం) అని పాడినప్పుడు అది పరలోకం ఒక్కటే కాదు, ఉత్తరాది మా కనాను అని రాశాడు. బానిసల్ని తప్పించి ఉత్తరాదికి చేర్చిన హ్యారియట్ టబ్‌మన్ దాక్కున్నవాళ్ళకి పాటతో సైగ చేసేదని ఆమె బతికుండగానే అచ్చయిన జీవితచరిత్ర చెప్తుంది. కానీ దాన్నుంచి ప్రతి పాటా ఒక దారి పటం అనేంత దూరం వెళ్తే ఆధారాలు పల్చబడతాయి. నీటిలోకి దిగమనే ప్రసిద్ధ స్పిరిచ్యువల్‌ని టబ్‌మన్ కుక్కలు వాసన పట్టకుండా వాడిందని స్కూళ్ళలో చెప్తారు. ఆ కాలపు కాగితాల్లో దానికి రుజువు లేదు. కాపరి పాట సంగతీ అంతే. అలా పాడుకుని ఉండొచ్చు, పాడుకున్నారని రాసిపెట్టినవాళ్ళు లేరు. బైబిలు కథా నిజం, తప్పించుకోవాలన్న ఆశా నిజం. పాడే నోటికి రెండూ ఒకేసారి పట్టేవి.

హాలంతా లేచినప్పుడు: డోర్సీ తెచ్చిన మార్పు

విరామం తర్వాత ఆర్గన్, డ్రమ్స్ మోగాయి. అక్కడ కచేరీ శతాబ్దం మారింది.

అట్లాంటాకి పడమర ఉన్న విల్లా రికాలో 1899లో పుట్టిన థామస్ డోర్సీ బోధకుడి కొడుకు. అట్లాంటాలో పెరిగి షికాగో చేరాడు. మొదట్లో బ్లూస్ (నల్లజాతి వాళ్ళ లౌకిక పాట) పియానో వాయించేవాడు, 'మా' రెయినీ అనే గాయని బృందంలో పనిచేశాడు, జార్జియా టామ్ అనే పేరుతో కాస్త మోటు సరసం పాటల రికార్డులూ ఇచ్చాడు. ఆ బ్లూస్ చేతులతోనే దేవుడి పాట మొదలుపెడితే పెద్ద చర్చిలు ఛీ కొట్టాయి. శనివారం రాత్రి క్లబ్బులో మోగిన వరస ఆదివారం పొద్దున గుళ్ళోనా అని. చదువుకున్న పాస్టర్లకి యూరపు పద్ధతి పాటే గౌరవం. ఫిస్క్ విద్యార్థులు తెచ్చిన ఆ గంభీరత ఇప్పుడు గోడలా అడ్డొచ్చిందన్నమాట. 1931లో షికాగోలోని ఒక బాప్టిస్టు చర్చిలో గాస్పెల్ క్వయర్ మొదలయ్యాక గోడ బీటలిచ్చింది. 1932 ఆగస్టులో ఆయన వేరే ఊళ్ళో పాటల సభలో ఉండగా భార్య నెట్టీ ప్రసవంలో చనిపోయింది, బిడ్డా దక్కలేదు. నా చెయ్యి పట్టుకో ప్రభూ అని ఆయన రాసిన పాట ఆ దుఃఖంలోంచి వచ్చింది. తర్వాత మహేలియా జాక్సన్ గొంతులో అది ప్రపంచానికి తెలిసింది.

గాస్పెల్‌ని చెవితో గుర్తుపట్టడానికి రెండు ఆనవాళ్ళున్నాయి. మొదటిది తాళం. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని మనసులో లెక్కపెట్టండి. భజనలో మన చెయ్యి సాధారణంగా ఒకటి మీద పడుతుంది, సమం మీద బరువు వేయడం మనకి పుట్టుకతో వచ్చింది. గాస్పెల్‌లో చప్పట్లు రెండు మీద, నాలుగు మీద. ఒకటిని కాలు తీసుకుంటుంది, రెండుని చెయ్యి. నా పక్క పెద్దావిడ మడిచిన ప్రోగ్రాం కాగితాన్ని అరచేతికి కొట్టుకుంటూ అదే చేసింది. ఆ కాగితం చూస్తూ నేను నా చేతిని అర అడుగు వెనక్కి జరిపినట్టు జరిపాను. అంతే, పాట ముందుకి తోస్తున్నట్టు కాకుండా ఊయలలా ఊగడం మొదలైంది.

రెండోది గాంధారం. సాధారణ గాంధారం, అంతర గాంధారం మనకి వేర్వేరు స్థానాలు. బ్లూస్ నుంచి గాస్పెల్‌కి వచ్చిన గొంతు ఆ రెంటికీ నడుమ నిలబడుతుంది, లేదా ఒకదాన్నుంచి ఇంకోదాంట్లోకి జారుతుంది. పియానోలో ఆ చోటుకి మెట్టు లేదు. అందుకే వాయించేవాళ్ళు రెండు మెట్లూ దాదాపు ఒకేసారి నొక్కి ఆ జారుడుని దొరకబుచ్చుకుంటారు. గమకం అలవాటైన చెవికి ఇది వెంటనే అందుతుంది.

ఆఫ్రికన్ క్యారల్ ఆఫ్రికా నుంచి ఎలా వచ్చింది

అట్లాంటాలో నల్లజాతి యువకుల మోర్‌హౌస్ కళాశాల, యువతుల స్పెల్మన్ కళాశాల కలిసి 1927 నుంచి క్రిస్మస్ క్యారల్ కచేరీ చేస్తున్నాయి. అక్కడ జనం ఎదురుచూసే పాటల్లో ఒకటి బేత్లెహేమును నైజీరియాలోని యొరూబా భాషలో పిలిచే బెతెలెహెము. డప్పులు మొదలై, యువకుల గొంతులు ఆ ఒక్క పేరు మీద పైకి లేస్తుంటే, ఇది బానిస ఓడల్లో వచ్చి మిగిలిన పాట అనుకునేవాళ్ళు చాలామంది.

కాదు. బాబాతుండె ఒలాతుంజి అనే నైజీరియా యువకుడు 1950లో రోటరీ స్కాలర్‌షిప్ మీద మోర్‌హౌస్‌కి చదువుకోవడానికి వచ్చాడు. ఆయన తెచ్చిన పాటని తర్వాత అక్కడి గ్లీ క్లబ్ (విద్యార్థుల గాయక బృందం) నిర్దేశకుడు వెండెల్ వేలమ్ క్వయర్‌కి కట్టాడు. బానిసత్వం తెంపేసిన బంధాన్ని ఒక విద్యార్థి వీసా మీద వచ్చి మళ్ళీ కలిపాడు. చదువుకోవడానికి ఒక్క సూట్‌కేసుతో ఇక్కడికి వచ్చి, అందులో అమ్మ పాటలు కూడా మోసుకొచ్చిన మనవాళ్ళకి ఈ కథ విడిగా చెప్పక్కర్లేదు.

ఎవరి పాట, ఎవరు పాడాలి

రెండు పాటలు పక్కపక్కన పెడితే ఈ ప్రశ్న ఎంత చిక్కో తెలుస్తుంది. చిన్నారి యేసు బాబూ, నువ్వెవరో మాకు తెలియలేదు అంటూ సాగే ఒక పాటని చాలామంది పాత స్పిరిచ్యువల్ అనే అనుకుంటారు. అది 1934లో లూసియానాకి చెందిన రాబర్ట్ మెక్‌గిమ్సీ అనే తెల్లజాతి కర్త రాసినది. ఇంకోవైపు బోనీ ఎమ్ బృందం 1978లో పాడిన మేరీస్ బాయ్ చైల్డ్, డిసెంబరులో మన ఊళ్ళలో కూడా వినిపించేదే. దాన్ని డిస్కో పాట అనుకుంటాం. రాసింది జెస్టర్ హెయిర్‌స్టన్, బానిసల మనవడు, స్పిరిచ్యువల్స్ నేర్పుతూ జీవితం గడిపిన క్వయర్ మాస్టారు. 1956లో హ్యారీ బెలఫాంటే దాన్ని పాడాడు.

తెల్ల క్వయర్లు, ఇతర దేశాల క్వయర్లు స్పిరిచ్యువల్స్ పాడొచ్చా అన్నదాని మీద నల్లజాతి సంగీతకారుల్లోనే ఏకాభిప్రాయం లేదు. పాడండి, కానీ చరిత్ర తెలుసుకుని, బానిసల యాసని వెక్కిరింపులా పలకకుండా పాడండి అనేవాళ్ళు ఎక్కువగా కనిపిస్తారు. బర్లీ కూడా తన అచ్చు పాటలకి రాసిన ముందుమాటలో వీటిని మిన్‌స్ట్రెల్ పాటల్లా పాడొద్దని హెచ్చరించాడు. యాస తీసేస్తే పాట చస్తుందని కొందరు, ఉంచితే అవమానం తిరిగొస్తుందని ఇంకొందరు అంటారు.

ఎవరు పాడారన్నది ఒక్కటే కాదు, ఎవరి కోసం అన్నదీ ఉంది. 1939 డిసెంబరులో గాన్ విత్ ద విండ్ సినిమా తొలి ప్రదర్శన అట్లాంటాలో జరిగింది. ఆ సందర్భంగా తెల్లవాళ్ళ విందులో ఎబినేజర్ బాప్టిస్టు చర్చి క్వయర్ బానిసల వేషాలు వేసుకుని స్పిరిచ్యువల్స్ పాడింది. క్వయర్‌ని నడిపింది ఆల్బర్టా కింగ్. పాడిన పిల్లల్లో పదేళ్ళ ఆమె కొడుకు మార్టిన్ లూథర్ కింగ్ ఉన్నాడు. ఆ సినిమాలో నటించిన హ్యాటీ మెక్‌డేనియల్‌కి, నల్లజాతి స్త్రీ కనుక, ఆ ప్రదర్శనకి రావడానికే వీల్లేకపోయింది. పాటలు అవే, గొంతులు ఆ చర్చివే. వేషం, గది మారేసరికి అర్థం తలకిందులైంది. చర్చి అలా పాడటానికి ఒప్పుకున్నందుకు నల్లజాతి సమాజంలో ఆ చర్చి పాస్టరైన కింగ్ తండ్రి విమర్శ ఎదుర్కొన్నాడు.

ఇది ఆరాధనా, కచేరీనా

చర్చిలో జరిగితే ప్రార్థన, బోధ కొంత ఉండొచ్చు. కళాశాల లేదా హాల్లో జరిగితే ఎక్కువగా కచేరీయే. కొన్నిచోట్ల క్వాంజా దీపాలు కూడా వెలిగిస్తారు. అది మత పండుగ కాదు. 1966లో కాలిఫోర్నియాలో మౌలానా కరెంగా మొదలుపెట్టిన ఏడు రోజుల సాంస్కృతిక ఉత్సవం, డిసెంబరు 26 నుంచి జనవరి 1 దాకా. తొలినాళ్ళలో క్రిస్మస్‌కి బదులు అన్నట్టు వచ్చినా, ఇప్పుడు రెండూ చేసుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి.

వేరే మతంవాళ్ళు వినొచ్చా అన్న ప్రశ్నకి మన దేశంలోనే ఒక సంఘటన ఉంది. మోర్‌హౌస్‌లో చదివిన మతాచార్యుడు హోవర్డ్ థర్మన్, భార్య స్యూ బెయిలీ థర్మన్, 1936 ఫిబ్రవరిలో బార్డోలిలో గాంధీని కలిశారు. ఆయన అమెరికాలో నల్లజాతి స్థితి గురించి ప్రశ్న మీద ప్రశ్న అడిగి, చివర ఒక పాట కోరారు. వాళ్ళు నా ప్రభువుని సిలువ వేసినప్పుడు నువ్వక్కడ ఉన్నావా అనే స్పిరిచ్యువల్. స్యూ పాడారు. క్రైస్తవుడు కాని ఒక మనిషి, ఆ పాటని పేరు పెట్టి అడిగి పాడించుకున్నాడు.

మూడోసారి లేచినప్పుడు

ఇక ఆ చివరి పాట, లిఫ్ట్ ఎవ్రీ వాయిస్ అండ్ సింగ్. జేమ్స్ వెల్డన్ జాన్సన్ అట్లాంటా యూనివర్సిటీలో 1894లో పట్టా తీసుకుని సొంత ఊరు జాక్సన్‌విల్‌లో స్కూలు ప్రిన్సిపాల్ అయ్యాడు. లింకన్ పుట్టినరోజు కోసం మాటలు రాశాడు, తమ్ముడు రోజమండ్ వరస కట్టాడు. 1900 ఫిబ్రవరి 12న 500 మంది స్కూలు పిల్లలు పాడారు. అన్నదమ్ములు ఆ ఊరు విడిచి న్యూయార్క్ వెళ్ళిపోయారు. పిల్లలు మాత్రం పాడుతూనే ఉన్నారు, పెద్దయి టీచర్లయి వాళ్ళ పిల్లలకి నేర్పారు. 1919లో నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ దాన్ని నల్లజాతి జాతీయగీతంగా గుర్తించింది. ఇది క్రిస్మస్ పాట కాదు, స్పిరిచ్యువల్ కాదు, గాస్పెలూ కాదు. జాతీయగీతానికి ఎలా నిలబడతామో దీనికీ అలాగే నిలబడతారు.

మూడు చరణాలున్నాయి. మొదటిది చాలామందికి నోటికి వచ్చు. రెండో చరణానికి హాల్లో సగం తలలు కాగితం వైపు వంగాయి. మూడో చరణంలో గొంతులు ఇంకొంచెం తగ్గాయి. నా పక్కావిడ కాగితం అప్పటికే నాలుగు మడతలై ఆమె పిడికిట్లో ఉంది. ఆమె దాన్ని విప్పలేదు. వేదిక వైపు చూస్తూ చివరి మాట దాకా పాడింది.